బ్రెయిడ్ గేమ్‌కు వచ్చిన పేరు నిజంగా దానికి తగినదేనా?

కర్నూలులో బీటెక్ చదువుతున్న ఒకరు అడిగారు. గేములు అమ్మే స్టీమ్ సైట్ సేల్‌లో బ్రెయిడ్ కొన్నారట. కాలాన్ని వెనక్కి తిప్పుతూ ఆడే పజిల్ గేమ్ ఇది, ఇందులో ఒక్కో దశను లోకం అంటారు. రెండో లోకం దాటి మూడో లోకంలో తాళంచెవులు, తలుపుల దగ్గర ఇరుక్కున్నారట. "అందరూ మాస్టర్‌పీస్ అంటున్నారు. నాకేమో మారియోకి అందంగా రంగులు వేసినట్టే ఉంది. కథ ఒక్క ముక్క అర్థం కాలేదు. రిఫండ్ అడగాలా, యూట్యూబ్ చూసి పూర్తి చేయాలా, లేక ఇందులో నిజంగానే ఏమైనా ఉందా?" అన్నది ప్రశ్న.

ఉంది. పజిల్స్ విషయంలో ఈ ఆటను ఎంత పొగిడినా తక్కువే. కథ విషయంలో ఆ పొగడ్తలో సగం తీసేయొచ్చు. యూట్యూబ్ చూసి పూర్తి చేసే ఉద్దేశం ఉంటే మాత్రం రిఫండే మేలు. ఎందుకంటే చూసి ఆడితే ఇందులో మీకు దక్కేది ఏమీ ఉండదు.

నేను కొన్నేళ్లు హైదరాబాద్‌లో మొబైల్ పజిల్ గేములకు లెవెల్స్ తయారుచేసే పని చేశాను. ఇప్పుడు కడపలో, ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో, గేమ్ డిజైన్ నేర్పిస్తున్నాను. కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ కోడింగ్ మొదలుపెట్టక ముందే బ్రెయిడ్ ఆడిస్తాను. 2008 నాటి ఆట కాబట్టి గ్రాఫిక్స్ కార్డు లేని మా ల్యాబ్ మెషీన్లలో కూడా బాగానే నడుస్తుంది. పక్కన కూర్చుని ఇంతమంది ఆడుతుంటే చూశాను కాబట్టి, మీకు వచ్చిన అనుమానం చాలామందికి సరిగ్గా మీరున్న చోటే వస్తుందని ధైర్యంగా చెప్పగలను.

ముందు మారియో సంగతి. మీరు అన్నది తప్పేమీ కాదు. మా ప్రాంతంలో చాలామందికి మారియో అంటే టీవీకి తగిలించుకునే చైనా గేమ్ సెట్టూ, దాంట్లో పెట్టే క్యాసెట్టే. అది ఆడినవాళ్లు బ్రెయిడ్ తెర చూడగానే గుర్తుపడతారు. నడిచొచ్చే జంతువు నెత్తిన దూకితే చచ్చిపోతుంది, గొట్టాల్లోంచి మొక్కలు బయటికి వస్తాయి, లోకం చివర కోట దగ్గర ఒక చిన్న డైనోసార్ వచ్చి యువరాణి వేరే కోటలో ఉందంటుంది. ఇదంతా కావాలని పెట్టిందే. 1985 నుంచి అందరి చేతికీ అలవాటైన ఆటను తీసుకుని, దాంట్లో కాలం ఒక్కదాన్ని మార్చారు. దూకడం, ఎక్కడం కొత్తగా నేర్చుకునే పని లేదు కాబట్టి ఆడేవాళ్ల బుర్ర మొత్తం ఆ మారిన దాని మీదే పనిచేస్తుంది. కొత్త నియమం పరిచయం చేసేటప్పుడు చుట్టూ ఉన్నవన్నీ పాతవిగా ఉంచాలని నా క్లాసు పిల్లలకు చెబుతాను. ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

కాలాన్ని వెనక్కి తిప్పడం బ్రెయిడ్‌తో మొదలైంది కాదు. 2003లో వచ్చిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆటలోనూ ఉంది. అక్కడ చేతిలో ఇసుక ఉన్నంతసేపే వెనక్కి పోవచ్చు. కాలు జారి పడితే కాపాడుకోవడానికి అది పనికొస్తుంది. బ్రెయిడ్‌లో షిఫ్ట్ నొక్కి పట్టుకుంటే ఆ లెవెల్ మొదలైన చోటుదాకా పోవచ్చు. లెక్క లేదు, ఖర్చు లేదు. అంటే చావుకు భయపడాల్సిన పనే లేదు. మొదటిసారి ఆడేవాళ్లు ఇక్కడే నిరాశపడతారు. "ఏంది మేడమ్ ఇది, చావే లేకపోతే ఇంకేం గేమ్?" అని దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అంటారు. రెండో లోకం పూర్తయ్యేదాకా ఆ మాటకు నా దగ్గర జవాబు ఉండదు. ఆట అసలు మొదలయ్యేది మూడో లోకంలో.

మూడో లోకం మొదట్లోనే ఒక గుంత వస్తుంది. మీరు దాటే ఉంటారు కాబట్టి విప్పి చెబుతున్నాను. గుంత అడుగున తాళంచెవి ఉంటుంది, దాని చుట్టూ ఆకుపచ్చ మెరుపు. దూకితే తాళంచెవి చేతికొస్తుంది కానీ గోడలు ఎత్తు, బయటికి రాలేం. పోయిన బ్యాచ్‌లో ప్రొద్దుటూరు నుంచి వచ్చే ఒకమ్మాయి ఈ గుంతలో చాలాసేపు ఉండిపోయింది. ఆ గోడకు ఒకసారి, ఈ గోడకు ఒకసారి దూకుతూనే ఉంది. నేనేమీ చెప్పలేదు. విసుగొచ్చి లెవెల్ మొదటినుంచి ఆడదామని షిఫ్ట్ నొక్కింది. ఆటలో మనం నడిపే మనిషి టిమ్ వెనక్కి లేచి గట్టు మీదికి వచ్చి నిలబడ్డాడు. తాళంచెవి అతని చేతిలోనే ఉంది. ఆ అమ్మాయి కుర్చీ ముందుకు లాక్కుంది. "తాళంచెవికి కాలం వెనక్కి పోలేదు మేడమ్" అంది.

ఆ ఒక్క వాక్యమే మూడో లోకం నియమం. ఆకుపచ్చగా మెరిసేవాటి మీద రివైండ్ పనిచేయదు. ఈ విషయం ఆటలో ఎక్కడా రాసి ఉండదు, బాణం గుర్తులు ఉండవు, ఎవరూ వచ్చి చెప్పరు. తప్పించుకునే మార్గం లేని చోట పెట్టి, చేతికి అందే ఒకే ఒక్క పని చేయిస్తారు. ఆ పని చేయగానే నియమం తెలిసిపోతుంది. పాఠం చెప్పినట్టు అనిపించకుండానే పాఠం వచ్చేస్తుంది. నేను పనిచేసిన చోట్ల కొత్త లెవెల్ అనగానే ముందు ట్యుటోరియల్ పాప్అప్ రాసేవాళ్లం. ఈ గుంత చూశాక ఆ పాప్అప్‌లు నాకు ఎప్పటికీ సరిపడలేదు.

పొగడ్తలన్నిటికీ అసలు కారణం ఇది: ఒక్కో లోకానికి ఒక్కటే నియమం. దాన్ని చెరకు ముక్కలా పిప్పి అయ్యేదాకా నమిలి, ఆ తర్వాతే ఇంకోదాని దగ్గరికి పోతారు. నాలుగో లోకంలో కాలం మీ నడకకు ముడిపడి ఉంటుంది. కుడివైపు నడిస్తే ముందుకు, ఎడమవైపు నడిస్తే వెనక్కి. నిలబడితే లోకమంతా ఆగిపోతుంది. నిచ్చెన ఎక్కుతున్నా, ఉన్నచోటే పైకి ఎగిరినా కాలం కదలదు, ఎందుకంటే పక్కకు జరగలేదు కదా. కుడివైపు పోతూ చంపిన జంతువు, మీరు ఎడమవైపు తిరిగి రాగానే బతికి లేస్తుంది. ఇది తెలిసీ పిల్లలు పదే పదే దాన్ని చంపుతారు, పదే పదే అది లేస్తుంది. 'మళ్లీ వెనక్కి వద్దాం' అనే ఆలోచన మన బుర్రలో ఎంత లోతుగా పాతుకుపోయిందో అప్పుడు తెలుస్తుంది. ఈ లోకంలో వెనక్కి రావడమంటూ లేదు, వస్తే చేసిందంతా చెరిగిపోతుంది.

ఐదో లోకంలో రివైండ్ చేస్తే, మీరు ఇంతకుముందు చేసిన పనిని ఊదారంగు నీడ ఒకటి మళ్లీ చేసి చూపిస్తుంది. అంటే మీకు మీరే తోడు. ఒకరు మీట లాగి పట్టుకుంటే ఇంకొకరు తలుపు దాటడం లాంటి పనులు, రెండో మనిషి లేకుండా చేసుకోవాలి. మా దగ్గర పిల్లలు కాగితం మీద రెండు వరసలు గీసుకుని, "నేను ఇది చేస్తా, నీడ అది చేస్తుంది" అని రాసుకోవడం మొదలుపెట్టేది ఇక్కడే. తర్వాత ప్రోగ్రామింగ్‌లో రెండు పనులు ఒకేసారి నడిచే సంగతి చెప్పేటప్పుడు ఆ కాగితాలు నాకు చాలా పనికొస్తాయి. ఆరో లోకంలో ఉంగరం. కింద పెడితే దాని చుట్టుపక్కల కాలం మెల్లగా కదులుతుంది. అది కొంచెం తేలికే అనిపిస్తుంది నాకు.

రెండు నుంచి ఆరు దాకా ఈ ఐదు లోకాల్లో పజిల్స్ విప్పి ఏరుకోవాల్సిన బొమ్మ ముక్కలు 60, వాటిని అతికిస్తే ఒక్కో లోకానికి ఒక బొమ్మ. లోకానికి 12. ఒకే ఉపాయాన్ని రెండుచోట్ల వాడిన పజిల్ వెతకండి, దొరకడం కష్టం. మొబైల్ గేముల పనిలో మేము నేర్చుకున్నది దీనికి సరిగ్గా ఎదురు. ఒక మంచి ఆలోచన దొరికితే దాన్ని కొంచెం కొంచెం మార్చి వంద లెవెల్స్ చేసేవాళ్లం, ఆడేవాళ్లు రోజూ యాప్ తెరవాలి కాబట్టి. బ్రెయిడ్ ఐదారు గంటల్లో అయిపోతుంది. 2008 ఆగస్టులో ఎక్స్‌బాక్స్‌లో వచ్చినప్పుడు దీని ధర 15 డాలర్లు. ఇంత చిన్న ఆటకు అంత ధరా అని అప్పట్లో పెద్ద గొడవే జరిగింది. గంటల లెక్కన చూస్తే ఖరీదే. కానీ ఆ గంటల్లో నింపుడు సరుకు లేదు.

తీసిన మనిషి గురించి కొంచెం. జొనాథన్ బ్లో 2004 చివర్లో దీని గురించి ఆలోచించడం మొదలుపెట్టాడు. సొంత డబ్బు పెట్టుకుని చేశాడు. 2006లో ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్‌లో డిజైన్‌కు బహుమతి వచ్చినప్పటికి, ఇప్పుడు మీరు చూస్తున్న ఈ నీటిరంగుల బొమ్మలు లేవు. డేవిడ్ హెల్మన్ వేసిన చిత్రాలు ఆ తర్వాత వచ్చినవి. అంటే పైన రంగులు లేకుండా, ఎముకల గూడుగా ఉన్నప్పుడే ఆ పజిల్స్‌కు గుర్తింపు దొరికింది. 'మారియోకి రంగులు వేసినట్టుంది' అన్నారు కదా, అందుకే ఇది చెబుతున్నాను. రంగులు చివరికి వచ్చాయి.

సంగీతం కూడా ప్రత్యేకంగా చేయించింది కాదు, అప్పటికే ఉన్న పాటలను హక్కులు తీసుకుని వాడారు. రివైండ్ చేసినప్పుడు సంగీతం కూడా వెనక్కి వాయిస్తుంది, వెనక్కి వాయించినా చెవికి ఇంపుగా ఉండేవే ఏరుకున్నారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకసారి షిఫ్ట్ నొక్కి పట్టుకుని వినండి.

ఇక లోపాలు. ఉన్నాయి, పొగిడేవాళ్లు చాలామంది వీటిని దాటేస్తారు.

కథ. ప్రతి లోకం ముందూ మేఘాల మీద పుస్తకాలు ఉంటాయి. టిమ్ ఏదో తప్పు చేశాడు, యువరాణి వెళ్లిపోయింది, క్షమాపణ, పశ్చాత్తాపం అంటూ పేజీలు. రాత బరువుగా ఉంటుంది, విషయం పొగలా ఉంటుంది. మీకు అర్థం కాలేదంటే తప్పు మీది కాదు. ఇంగ్లీషు మీడియంలో చదువుకున్న పిల్లలు కూడా రెండో పుస్తకం నుంచి చదవడం మానేస్తారు. చివరి పుస్తకాల్లో 1945 నాటి అణుబాంబు పరీక్ష వైపు చూపే మాట ఒకటుంది. దాన్ని పట్టుకుని యువరాణి అంటే బాంబే అని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ వాదన సరదాగా చదువుకోవడానికి బాగుంటుంది కానీ, దాని కోసం ఆట ఆడాల్సిన పని లేదు. పుస్తకాలు దాటేసి పోండి, పజిల్స్‌కు ఏ నష్టమూ లేదు.

ఒక్కటి మాత్రం దాటేయకండి. అన్ని బొమ్మలూ పూర్తయ్యాక తెరుచుకునే ఒకటో లోకం. అవును, ఆట రెండుతో మొదలై ఒకటితో ముగుస్తుంది. అక్కడ కాలం మామూలుగానే వెనక్కి నడుస్తుంటుంది, ఆ చివరి లెవెల్‌లో కథ చెప్పడానికి పుస్తకం అక్కరలేదు, మీ వేలి కింద ఉన్న షిఫ్ట్ బటనే చెబుతుంది. ఇంతకుమించి చెప్పను. ఎవరైనా చెప్పబోయినా ఆపేయండి. పుస్తకాల్లో చెప్పలేకపోయింది బ్లో ఆటతో చెప్పాడు. కథకు సగం మార్కులు ఎందుకు మిగిల్చానంటే దీని కోసమే.

ఒకే ఒక్క అన్యాయమైన పజిల్. రెండో లోకంలో గాల్లో తేలుతున్న బొమ్మ ఫ్రేమ్ ఒకటి ఉంటుంది. దాంట్లో ముక్క పెడితే, ఆ ముక్కలో గీసి ఉన్న గట్టు మీదికి ఎక్కి నిలబడొచ్చు. ఆలోచన అందమైనదే. కానీ దానికి కావాల్సిన ముక్కలు అప్పటికి మీ దగ్గర లేకపోవచ్చు, ఫ్రేమ్‌ను అట్లా వాడొచ్చని ముందు ఎక్కడా తెలియదు. తెలివైన పిల్లలు కూడా తమ తెలివి మీద నమ్మకం పోగొట్టుకునేది అక్కడే. నా క్లాసులో నేను నోరు విప్పి చెప్పే ఒకే ఒక్క పజిల్ ఇది.

చేతిపని. కొన్నిచోట్ల జవాబు బుర్రలో తేలిపోయినా, సరిగ్గా ఆ క్షణానికి దూకాలి. కీబోర్డు మీద ఇది విసిగిస్తుంది. గేమ్‌ప్యాడ్ దొరికితే తెచ్చుకోండి. మీ ఆలోచన సరైనదే కానీ చేతులు అందుకోవట్లేదా, లేక ఆలోచనే తప్పా అన్నది తేల్చుకోవడం కష్టం అవుతుంది అప్పుడు. నేను పాటించే కొలత ఒకటుంది: ఒక ప్లాన్ వెంట్రుకవాసిలో తప్పుతూ ఉంటే, అది చాలావరకు తప్పు ప్లానే. బ్రెయిడ్‌లో సరైన జవాబు దొరికితే ఎక్కువసార్లు నింపాదిగా అయిపోతుంది.

దాచిపెట్టిన నక్షత్రాలు ఎనిమిది ఉన్నాయి. వాటి జోలికి పోకండి. ఒకదాని కోసం మేఘం కదిలేదాకా దాదాపు రెండు గంటలు ఊరికే ఎదురుచూడాలి.

ఇది అందరికీ నచ్చుతుందని నేను అనను. మా దగ్గర చదివినవాళ్లలో చాలా చురుకైన అబ్బాయి ఒకడు ఫ్రీ ఫైర్ బాగా ఆడేవాడు, చేతివేగం మెచ్చుకోదగ్గది. వాడికి బ్రెయిడ్ అస్సలు పట్టలేదు. తెలివి తక్కువై కాదు. ఎదుట మనిషి ఉండి, క్షణాల మీద నిర్ణయం తీసుకునే ఆటలో వాడికి ఉత్సాహం. తెర ముందు కదలకుండా కూర్చుని ఆలోచించడం వాడికి శిక్షలా ఉండేది. మీరూ అట్లాంటివారైతే పేరు మోసిన ఆట కదా అని బలవంతంగా ఆడకండి. ఇంకొక కుర్రాడు హాస్టల్‌లో యూట్యూబ్ పక్కన పెట్టుకుని ఒక్క సాయంత్రంలో పూర్తి చేసి వచ్చాడు. నాలుగో లోకంలో కాలం ఎట్లా నడుస్తుందని అడిగితే చెప్పలేకపోయాడు. చెట్లు బాగున్నాయన్నాడు. ఆట మొత్తం చూశాడు, ఒక్క పజిల్ కూడా వాడిది కాలేదు. జొనాథన్ బ్లో స్వయంగా పెట్టిన అధికారిక వాక్‌త్రూ, అంటే జవాబులు చూపించాల్సిన పేజీ, తెరిచినా ఉండేది దాదాపు ఇదే మాట, పజిల్స్ అన్నీ న్యాయమైనవే, మీ అంతట మీరే విప్పండి అని.

పోలికలు అడుగుతారేమో కాబట్టి రెండు ముక్కలు. వాతావరణం, భయం, మాటల్లేని కథ కావాలంటే 2010లో వచ్చిన లింబో, 2016లో వచ్చిన ఇన్‌సైడ్. రెండూ డెన్మార్క్‌కు చెందిన ప్లేడెడ్ వాళ్లవే, రెండూ నచ్చుతాయి. కానీ పజిల్స్ మాత్రమే లెక్కలోకి తీసుకుంటే అవి బ్రెయిడ్ దరిదాపుల్లోకి రావు. లింబోలో చాలాసార్లు చచ్చి తెలుసుకోవాలి, ముందే ఆలోచించి తెలుసుకునే వీలు తక్కువ. దీటుగా నిలబడేది పోర్టల్. అది 2007లో వచ్చింది, నడిపించే తీరులో బ్రెయిడ్ కంటే మెత్తగా ఉంటుంది. మీకు ఓపిక తక్కువైతే ముందు అది ఆడి ఆ తర్వాత దీనికి రండి.

2024లో వచ్చిన యానివర్సరీ ఎడిషన్ కొనాలా అన్నది ఇంకో ప్రశ్న. బొమ్మలు మళ్లీ వేశారు, కొత్త లెవెల్స్ చేర్చారు, తయారుచేసినవాళ్ల వ్యాఖ్యానం గంటల కొద్దీ ఉంది. గేమ్ డిజైన్ నేర్చుకునేవాళ్లకు ఆ వ్యాఖ్యానం ఒక కోర్సంత విలువైనది. ఊరికే ఆడుకునేవాళ్లకు పాతది చాలు.

రిఫండ్ విషయానికొస్తే, స్టీమ్‌లో కొన్న 14 రోజుల లోపు, ఆడింది రెండు గంటల లోపు ఉంటేనే మామూలుగా ఇస్తారు. మీరు మూడో లోకంలో ఉన్నారంటే ఆ రెండు గంటలు దగ్గరపడి ఉంటాయి, నిర్ణయం ఇవాళే తీసుకోండి. నా సలహా ఉంచుకోమనే.

ఉంచుకుంటే, ఇరుక్కున్న చోటే కూర్చోకండి. ముక్క తీసుకోకపోయినా లెవెల్ దాటి ముందుకు పోవచ్చు, ఏ తలుపూ మిమ్మల్ని ఆపదు. నాలుగో లోకం కొంత చూసి రండి, ఆట మూసేసి పడుకోండి, కాలేజీ బస్సులో దాని గురించి ఆలోచించండి. చాలామందికి జవాబు తెర ముందు లేనప్పుడే తడుతుంది. అప్పటికీ తాళంచెవులు, తలుపులు లొంగకపోతే నేనిచ్చేది ఒక్క సూచన, అది కూడా జవాబు కాదు. ఏ తలుపుకు ఆకుపచ్చ మెరుపు ఉంది, దేనికి లేదు? ఏ తాళంచెవికి ఉంది, దేనికి లేదు? కాగితం మీద రాసుకోండి. తర్వాత మెరుపు లేని తాళంచెవితో మెరుపు ఉన్న తలుపు తీసి, షిఫ్ట్ నొక్కి, చేతిలో ఏముందో చూసుకోండి.